రాజా ఓడ మీది బొంత

బొంత లేని ఇల్లు ఒకప్పుడు మన పల్లెలలో లేదు. చిరిగిన చీరలు, పాత పంచెలు, ఇక ఎందుకూ కొరగావని తీసివేసిన గుడ్డపేలికలు పొరలు పొరలుగా పరచి, అంచు నుండి నడుమకు వరుస తప్పకుండా కుట్టుకుంటూ వచ్చి, ఇంటిలోని ముసలమ్మ ఒకామె నాలుగైదు వేసవి మధ్యాహ్నాలలో దానిని ముగించేది. పసిబిడ్డకు మొదటి పక్క అదే. సంస్కృతంలో దానికి కంథ అని పేరు. సన్న్యాసులు దానిని భుజాన వేసుకొని దేశాలు తిరిగారు. ఇంత సేవ చేసినా బొంతకు మర్యాద దక్కలేదు. పట్టుచీరను పెట్టెలో దాస్తాము, బొంతను అటక మీద పడవేస్తాము. చరిత్రకారులు సైతం శాసనాలను చదివారు, నాణేలను తోమి చూచారు గాని, బొంతను విప్పి చూచినవారు తక్కువ.

నేను ఈనాడు చెప్పదలచిన బొంత కూడా అటక మీదనుంచి దిగినదే. ఆ అటక స్కాట్లండులోని ఒక ఇంటిది. 1980ల చివరలో అది బయటపడింది. 1989లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలకు చేరింది. ఆ దేశం అపురూపంగా చూచుకొనే వస్తువులలో ఇప్పుడది ఒకటి. పాత నూలు రంగులకు వెలుతురే శత్రువు గనుక, దానిని అరుదుగా మాత్రమే ప్రదర్శనకు పెడతారు. ఒక ప్రక్క 325 సెంటీమీటర్లు, మరొక ప్రక్క 337. మన కొలతలో ఎటు చూచినా ఏడు మూరలకు పైమాటే. అందులో 2,815 గుడ్డముక్కలు ఉన్నవని లెక్కించారు. దానిని కుట్టినవారు ద్వీపాంతర శిక్ష పడి ఓడ ఎక్కిన ఆడఖైదీలు. కుట్టిన చోటు నడిసముద్రం. సంవత్సరం 1841. ఓడ పేరు మన చెవికి సొంతదానివలె వినిపిస్తుంది: ‘రాజా’.

ద్వీపాంతరవాసం అనగానే మనవారికి అండమాను జ్ఞాపకం వస్తుంది. అక్కడ 1858లో ఖైదీల వసతి ఏర్పడడానికి డెబ్బది ఏండ్ల ముందునుంచే ఇంగ్లండు తన సొంత ఖైదీలను ఆస్ట్రేలియాకు తోలుతూ ఉన్నది. 1788 మొదలు 1868 వరకు అట్లా వెళ్ళినవారు లక్షా అరవై వేలకు పైచిలుకు. వారిలో ఇంచుమించు పాతిక వేలమంది స్త్రీలు. ఈ స్త్రీలలో చాలామంది చేసిన నేరం చిల్లర దొంగతనం. యజమానురాలి దుస్తులో, అంగడిలోని గుడ్డతానో, రెండు చెంచాలో తీసినందుకు ఏడేండ్లు, పదేండ్లు. మరికొందరికి పదునాలుగేండ్లు, యావజ్జీవం. ఏడేండ్ల శిక్ష ముగిసినా తిరుగు ప్రయాణానికి దారిబత్తెం ఎవరూ ఇవ్వరు. మగవాడు ఏదో ఓడలో కూలి కుదిరి ఇంటిముఖం పట్టవచ్చు. ఆడదానికి ఆ దారి లేదు. కాబట్టి ఆమెకు ఏడేండ్లన్నా యావజ్జీవమన్నా ఆచరణలో ఒక్కటే.

లండనులో న్యూగేట్ అనే చెరసాల ఉండేది. 1813లో స్టీఫెన్ గ్రెల్లెట్ అనే క్వేకరు బోధకుడు దానిని చూచి వచ్చి, అక్కడ ఆడఖైదీల పసిబిడ్డలు ఒంటిమీద గుడ్డలేక చలికి వణుకుతున్నారని ఎలిజబెత్ ఫ్రై అనే ఆమెతో చెప్పాడు. క్వేకర్లంటే పురోహితుడు, మంత్రతంత్రాలు అక్కరలేదని మౌనంగా కూర్చొని ప్రార్థించే ఒక క్రైస్తవ సమాజం. ఆడంబరం వారికి పాపం. ఫ్రై 1780లో నార్విచ్ పట్టణంలో కలవారి ఇంట పుట్టింది. కలవారి ఇంటనే మెట్టింది. పదకొండుమంది బిడ్డల తల్లి. ఆమె మందపు ఉన్నిగుడ్డలు కుట్టించుకొని జైలుకు వెళ్ళింది. రెండు పెద్దగదులలో, రెండు కొట్లలో దాదాపు మూడు వందలమంది ఆడవారు, వారి బిడ్డలు కిక్కిరిసి ఉన్నారు. విచారణ జరగవలసినవారు, ఉరిశిక్ష పడినవారు, రొట్టె దొంగిలించినవారు అందరూ ఒకేచోట. వండుకోవడం, ఉతుక్కోవడం, నిద్ర అన్నీ ఆ నేలమీదనే.

ఇంటి చిక్కులవల్ల ఆమె మళ్ళీ అక్కడికి వెళ్ళింది 1816 చివరలో. మరుసటి సంవత్సరం ఆడఖైదీల మేలుకోసం ఒక సంఘం ఏర్పడింది. మొదటి సభ్యులు పన్నెండుగురు: పదకొండుమంది క్వేకరు స్త్రీలు, ఒక మతగురువు భార్య. ఇక్కడ ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. జైలులో పాటించవలసిన నియమాలను ఫ్రై ఒక్కొక్కటే చదివి, సమ్మతమైనవారు చేతులెత్తండని ఖైదీలను అడిగింది. బిచ్చమెత్తరాదు, తిట్టుకోరాదు, పేకాడరాదు అన్న వరుసలో నియమాలన్నిటికీ చేతులు లేచినాయి. ఆ నియమాలలో ఖైదీలు తయారుచేసినది ఒక్కటీ లేదనుకోండి. అయినా, ఇంగ్లండు పార్లమెంటుకు ఆడవారి ఓటుతో పని లేని రోజులలో, జైలులో దొంగతనం కేసులవారిని ఒక మాట అడిగి చేయి ఎత్తించినదంటే దానిని చిన్నగా చూడరాదు.

ఈ సంఘం వారు నేర్పిన పనులలో అతుకుల బొంత ఒకటి. దానినే ఎందుకు ఎన్నుకున్నారన్నది ఇంటిపని తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది. నూలుగుడ్డల వర్తకుల దగ్గర మిగిలిన ముక్కలు ఉచితంగా దొరుకుతాయి. ఒడిలో పట్టే పని గనుక ఇరుకుచోట సాగుతుంది. ఒక ముక్క చెడిపోతే విప్పి మరొకటి వేయవచ్చు, తాను చెడదు. సూది పట్టడం రానివారు నాలుగు మూలల చదరాలు కుట్టుకుంటారు, చేయి తిరిగినవారు పూలు తీరుస్తారు. ఇద్దరి పనీ ఒకే బొంతలో ఇముడుతుంది. పైగా అది త్వరగా తెమలదు. జైలులోనైనా ఓడలోనైనా ఊరికే గడిచే పొద్దును మింగగలిగిన పని కావాలి గదా!

ఓడల సంగతి 1818లో మొదలైంది. అంతకు ముందు న్యూగేటు నుండి ఆడవారిని ఓడకు పంపే రోజు వచ్చిందంటే ముందురాత్రి కిటికీలు, బల్లలు ముక్కలయ్యేవి. తెల్లవారి గొలుసులు వేసి పైకప్పు లేని బండ్లలో రేవుకు తీసుకుపోతుంటే దారిపొడవునా జనం కేకలు వేస్తూ మురికి విసిరేవారు. ఫ్రై జైలు అధికారిని ఒప్పించి, మూసిన గుర్రపు బండ్లు కుదిర్చి, తాను వెంట వెళ్ళింది. డెట్‌ఫర్డ్ రేవులో ‘మరయా’ అనే ఓడ మీద ఆడవారిని పన్నెండుగురు చొప్పున జట్లు చేసి, జట్టుకొక పెద్దను ఏర్పాటు చేశారు. నెలల తరబడి సముద్రం మీద వారు చేతులు ముడుచుకొని కూర్చోకుండా అతుకుపనికి ముక్కలు పోగుచేసి ఇచ్చారు. తరువాత బయలుదేరిన ఓడలకూ ఆ ఏర్పాటు వాడుకైపోయింది. 1821లో దేశమంతటికీ పెద్ద సంఘం ఏర్పడింది. అందులో ఓడల పనికి వేరే ఉపసంఘం పెట్టుకున్నారు.

ఒక్కొక్క స్త్రీకి వారిచ్చే సరంజామా జాబితా ఫ్రై జీవితచరిత్రలో ఉన్నది. నాకు దానిని చదువుతూ ఉంటే అత్తవారింటికి పోయే పిల్లకు సారె సర్దుతున్నట్లు తోచింది. ఒక బైబిలు; ముందు కట్టుకొనే గోనెగుడ్డ; నల్లని నూలుటోపీ; బట్టలు పెట్టుకోవడానికి పెద్ద గోనెసంచి. ఇక చిన్నసంచిలో నాడా, ఔన్సు గుండుసూదులు, నూరు సూదులు, తెల్లదారపు ఉండలు నాలుగు, నలుపు, నీలం, ఎరుపు ఒక్కొక్కటి, రంగుదారపు లడీలు ఇరవై నాలుగు, రఫూ సూదులు ఎనిమిది, చిన్న దబ్బనం, వేలికి తొడుక్కొనే అంగుస్తాను, కత్తెర, దువ్వెనలు, చూపు ఆననివారికి కళ్ళజోడు. చివరకు రెండు పౌనుల గుడ్డముక్కలు. కళ్ళజోడు మాట దగ్గర నేను ఆగిపోయాను. దానధర్మాలు చేసేవారు ఎందరో ఉంటారు. సూదిలో దారం ఎక్కించడానికి చత్వారం అడ్డువస్తుందని ముందుగా తలచినవారు మాత్రం తాము కుట్టుపని చేసినవారే అయి ఉంటారు.

ఆ మెడలలో వేసిన మరొక వస్తువు ఈ సంచిలోనిది కాదు. ఎర్ర నాడాకు గుచ్చి, అంకె చెక్కిన తగరపు బిళ్ళ ఒకటి ప్రతి స్త్రీకి వేసేవారు. ఓడ మీద ఆమె పేరుకన్నా ఆ అంకెకే వాడుక ఎక్కువ.

ఇక బొంత తీరును గురించి. నడుమ తెల్లని నూలుగుడ్డ చదరం. దానిమీద పక్షులు, పూలకొమ్మలు. దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా రంగుముక్కలతో కూర్చిన పన్నెండు పట్టెలు, ఏడు ప్రాకారాల గుడిని పైనుంచి చూచినట్లు. అన్నిటికీ వెలుపల మళ్ళీ తెల్లని అంచు. మూడు ప్రక్కల చిన్న చిన్న పూలు, నాలుగో ప్రక్క అక్షరాలు. మన బొంతవలె పొరలు పెట్టి కుట్టినది కాదు. లోపల దూది కూడా లేదు. పరుపు మీద అందానికి పరిచే దుప్పటి అనడమే న్యాయం.

నడుమ చదరంలోని పక్షులు, పూలు దారంతో కుట్టినవి కావు. అచ్చుగుడ్డ మీది పక్షిని పక్షిగా, పూవును పూవుగా అంచు వెంట కత్తిరించి, తెల్లగుడ్డ మీద పేర్చి, అంచు కనబడకుండా సన్నగా కుట్టి నిలిపినవి. ఈ పనికి తరువాతి కాలంలో పారశీకపు కుట్టు అనే అర్థం వచ్చే ఒక ఫ్రెంచి పేరు పెట్టారు. పేరు పారశీకానిది, భాష ఫ్రెంచివారిది, కుట్టినవారు ఆంగ్లేయులు. ఆ పనికి మొదట ఆధారమైన గుడ్డ మాత్రం మన తూర్పుతీరానిది.

ఇది మనవారు కొంచెం ఆగి వినవలసిన సంగతి. ఈస్టిండియా కంపెనీ వారి ‘గ్లోబ్’ అనే ఓడ 1611లో మచిలీపట్నం చేరింది. అప్పటికే అక్కడినుంచి రంగుగుడ్డలు పారశీకానికి, తూర్పు ద్వీపాలకు పోతున్నాయి. కృష్ణ సముద్రంలో కలిసే ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు ఇచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. కలంతో గీసి, కారంలో ముంచి, ఎండలో ఆరవేసి, మళ్ళీ ముంచి తీసిన ఆ గుడ్డలను మనవారు చీటిగుడ్డలన్నారు. ఇంగ్లీషువారు చింట్జ్ అన్నారు. పదిహేడో శతాబ్దం చివరకు లండనులో దొరసానులూ దాసీలూ అవే కట్టసాగారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాండ్లు గగ్గోలు పెట్టారు. 1700లో ఒక చట్టం రంగు వేసిన భారతీయ గుడ్డల దిగుమతిని ఆపింది. 1721లో మరొక చట్టం అచ్చువేసిన నూలుగుడ్డల వాడకాన్నే కాదన్నది. ఆ నిషేధం 1774 దాకా తొలగలేదు. గుడ్డ కరువైనప్పుడు ముక్కకు విలువ పెరుగుతుంది. చిరిగిన తెరనుంచి ఒక నెమలినో ఒక కొమ్మనో కత్తిరించి తెల్లగుడ్డ మీద అమర్చితే, గజం చీటిగుడ్డ మంచమంతటికీ సరిపోతుంది. ఇంగ్లండులో మిగిలిన అతుకుల బొంతలలో మిక్కిలి పాతదని చెప్పే లీవెన్స్ హాల్ బొంత 1708 ప్రాంతానిది. అందులో ఉన్నవి భారతదేశపు చీటిగుడ్డ ముక్కలే.

రాజా ఓడ నాటికి కథ తలక్రిందులైంది. 1841లో ఖైదీల సంచులలోకి చేరిన ముక్కలు లంకాషైరు మరలలో నేసి, అచ్చువేసినవి. వాటి పువ్వులలో మన అద్దకపువారి చేతివాటం పోలిక మిగిలింది; ఆ చేతులకు మాత్రం పని మిగలలేదు. ఆ మరలకు పత్తి ఎక్కువగా అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిసల చేలనుండి వచ్చేది. బానిసతనాన్ని పాపమని ఎదిరించిన వారిలో క్వేకర్లు ముందున్నారు. వారి చేతులమీదుగా పంచిన రెండు పౌనుల ముక్కలలో ఎన్ని దేశాల చెమట కలిసి ఉన్నదో వారికీ పూర్తిగా తట్టలేదు కాబోలు.

1841 ఏప్రిల్ 5న రాజా ఓడ వూలిచ్ రేవు విడిచింది. అందులో 180 మంది ఆడఖైదీలు. వారిని కనిపెట్టి ఉండడానికి సంఘం తరఫున వెళ్ళినది కెజియా హేటర్, వయస్సు ఇరవై మూడేండ్లు. మిల్‌బ్యాంక్ చెరసాలలో పనిచేసిన అనుభవం ఉన్నది. చిత్రకారుడు సర్ జార్జి హేటర్‌కు దగ్గరి చుట్టం. వాన్ డీమెన్స్ లాండ్ అనే ఆ దీవికి అప్పటి గవర్నరు సర్ జాన్ ఫ్రాంక్లిన్. 1856 నుంచి ఆ దీవిని టాస్మేనియా అంటున్నారు. గవర్నరు భార్య లేడీ జేన్ ఫ్రాంక్లిన్ అక్కడ కూడా ఇటువంటి సంఘం పెట్టదలచి, తోడు కావాలని ఫ్రైకి తెలిపింది. ఆ పనికే కెజియా బయలుదేరింది. ప్రయాణంలో ఓడ కప్తాను చార్లెస్ ఫెర్గుసన్‌తో ఆమెకు వివాహం నిశ్చయమైంది; 1843లో జరిగింది. నవలలు వ్రాసేవారికి ఇది చాలు, వ్రాశారు కూడా. మన దృష్టి బొంత మీద ఉండనిద్దాం.

హోబార్ట్ రేవు చేరినది జూలై 19న; మొత్తం 105 రోజులు. బొంత అంచున వేసిన తేదీ జూన్ 1841. అంటే ఓడ కదిలిన నాటినుంచి జూన్ చివరి దాకా లెక్కించినా ఎనభై ఆరు రోజులే. 2,815 ముక్కలను ఆ రోజులకు పంచి చూడండి: దినానికి ముప్ఫై రెండు, ముప్ఫై మూడు ముక్కలు, ఒక్క రోజూ మానకుండా. సముద్రం అట్లా మానకుండా కుట్టనిస్తుందా? భూమధ్యరేఖ దగ్గరి ఉక్కబోత, దక్షిణాన పడమటి గాలుల తుపానులు ఆ దారిలో తప్పనివి. తుపానులో దీపాలే వెలిగించరు, సూది ఎక్కడ? కనుక పొద్దు తేటగా ఉన్న రోజులలో పని ముమ్మరంగా సాగి ఉండాలి.

ఆ 180 మందిలో కుట్టుపని వృత్తిగా చెప్పుకొన్నవారు కొద్దిమందే. తక్కినవారు వంటపని, ఇంటిపని చేసినవారు. పటము వేసి పట్టెలు కొలిచి, నడుమ చదరాన్ని తీర్చినవారు చేయి తిరిగినవారని చూడగానే తెలుస్తుంది: కొమ్మ వంపులో ఎక్కడా ముడత లేదు. పట్టెల దగ్గరకు వస్తే అట్లా కాదు. కొన్నిచోట్ల కుట్లు సమంగా, చిన్నగా, నువ్వుగింజల వలె ఉంటాయి. కొన్నిచోట్ల పెద్దవిగా, తడబడుతూ ఉంటాయి. మూలలు కలియనిచోట్లు ఉన్నాయి. బొంత మీద అక్కడక్కడ చిన్న చిన్న మరకలు ఉన్నాయి, అవి రక్తం. సూది గుచ్చుకొన్న వ్రేళ్ళవి.

కుట్టు నేర్చినవారెవరికైనా ఈ మరకలు తెలుసు. మా అమ్మమ్మ నాకు బొత్తాము కుట్టుకోవడం నేర్పిననాడు చొక్కా మీద ఇటువంటిదే పడింది. “నెత్తురు చూడని వేలికి కుట్టు రాదురా” అని ఆమె నవ్వింది. చేయి తిరిగినవారు గుచ్చుకోరు. గుచ్చుకొన్నా గుడ్డకు అంటనీయరు. కాబట్టి ఆ మరకలు ఓడ మీదనే, ఊగే పలకలమీద కూర్చొని, తమకు రాని పనిని నేర్చుకొంటున్నవారి గురుతులు. ప్రక్కన కూర్చొని నేర్పినవారు మరెవరో తోటి ఖైదీలే అయి ఉండాలి. నూట ఎనభైమందికి పనిచూచే సంఘస్త్రీ ఒక్కతె. ఎందరి చేయి పట్టుకోగలదు?

ఇక నాలుగో అంచున ఉన్న అక్షరాలు. సన్నని పట్టుదారంతో క్రాస్ కుట్టు వేసి వ్రాసినవి. ఖైదీల ఓడల ఉపసంఘపు దొరసానులకు, రాజా ఓడ మీది ఖైదీలు ప్రయాణంలో కుట్టిన ఈ బొంతను సమర్పిస్తున్నారనీ, ఇంగ్లండులోను, దారిలోను తమ మేలుకోసం వారు పడిన శ్రమను మరువలేదనడానికి ఇది కృతజ్ఞతా చిహ్నమనీ, శ్రమించి పనిచేయండని వారు దయతో చేసిన హితబోధను పెడచెవిని పెట్టలేదనడానికి ఇది నిదర్శనమనీ దాని సారాంశం. ఎక్కడా ఒక్క స్త్రీ పేరు లేదు.

ఈ మాటలు చదివినప్పుడల్లా నాకు రెండు తలంపులు కలుగుతాయి. ఆ వాక్యం కూర్పు ఖైదీలది కాదని నా మట్టుకు తోస్తుంది. హితబోధ పొందినవారు దానిని హితబోధ అని అంత ముచ్చటగా పిలవడం నేను అరుదుగా చూచాను. దానం చేసినవారు వినగోరిన మాటలను దానం పుచ్చుకొన్నవారి చేత వ్రాయించడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. బళ్ళలో బహుమతి పుచ్చుకొన్న పిల్లలచేత మనం చదివించే వందన సమర్పణలు గుర్తుకు తెచ్చుకోండి. ఇంత బొంత కుట్టి, అంతా మీ చలవే అని వ్రాసి ఇచ్చివేయవలసి వచ్చింది. దీనికి ముందు ఓడలలో కొందరు తమ బొంతలను రియో డి జనేరో రేవులో ఒక్కొక్కటి గినీకి అమ్ముకొన్నారు. ఆ సొమ్ము వారిది. రాజా బొంత కుట్టినవారికి మిగిలినది ఆ వాక్యమే.

రెండో తలంపు మొదటిదానిని అంత సులభంగా నిలవనీయదు. ఆ స్త్రీలకోసం ఆనాడు మరెవరు ఏమి చేశారు? న్యాయస్థానం బండి ఎక్కించింది. ప్రభుత్వం అంకె బిళ్ళ వేసింది. జనం మురికి విసిరారు. సూదీ దారమూ, చత్వారానికి కళ్ళజోడూ ఇచ్చినవారు ఈ దొరసానులొక్కరే. బోధ చేశారు, నిజమే. ఊరికే బోధ చేసి పోలేదు. అందువల్ల ఆ కృతజ్ఞత అంతా నటన అనడానికి నాకు నోరు రాదు. ఒకే వాక్యం ఒకరికి విధేయతగా, మరొకరికి మర్యాదగా, ఇంకొకరికి నిజమైన మాటగా పనికివచ్చి ఉండవచ్చు. నూట ఎనభైమందికి ఒకే మనసు ఎట్లా ఉంటుంది?

ఇది దూరదేశపు సంగతి అని త్రోసివేయడానికి వీలులేదు. పందొమ్మిదో శతాబ్దం నడుమ మన గోదావరి ప్రాంతంలో క్రైస్తవ మిషనరీ స్త్రీలు లేసు అల్లిక నేర్పారు. పేద కుటుంబాల ఆడవారు ఆ కొక్కెపు సూదితో తెల్లని దారాన్ని పూలుగా మార్చారు. నరసాపురం లేసు అన్న పేరు సముద్రాలు దాటింది. కాలక్రమాన అది దానధర్మం చేతులనుంచి వర్తకుల చేతులకు పోయింది. 1982లో జర్మను పండితురాలు మరియా మీస్ వారిని గురించి ఒక గ్రంథం వెలువరించి, ఇంటిలో తీరికవేళ చేసే పని అని చెప్పుకొనే ఆ అల్లిక నిజానికి ఎంత గట్టి కూలిపనో, కూలి ఎంత స్వల్పమో విప్పి చూపింది. అక్కడా లేసు మీద ఊరి పేరే నిలిచింది. అల్లినవారి పేరు లేదు.

హోబార్ట్‌లో దిగిన తరువాత ఆ స్త్రీలలో ఎక్కువమందిని వలసదారుల ఇండ్లలో పనికి కుదిర్చారు. ఎదురుచెప్పినా, తప్పించుకొన్నా, పెండ్లికాక గర్భం వచ్చినా ఊరికి దగ్గరలోని కాస్కేడ్స్ ఆడఖైదీల కర్మాగారానికి తోలేవారు. అక్కడ చాకిరేవు తొట్లు, బట్టలు కుట్టే బల్లలు. పూలు కత్తిరించి పక్షులు అమర్చే కుట్టు కాదది. కొలత ప్రకారం ముతక చొక్కాలు. లేడీ ఫ్రాంక్లిన్ పెట్టిన సంఘం స్థానిక పత్రికల ఎగతాళికి గురియైంది. ఎలిజబెత్ ఫ్రై 1845లో మరణించింది. ఆ ఏడే సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఉత్తరధ్రువ సముద్రంలో దారి వెదకబోయి తిరిగి రాలేదు. ఖైదీలను వాన్ డీమెన్స్ లాండ్‌కు పంపడం 1853లో ఆగిపోయింది. బొంత తిరిగి బ్రిటనుకు ప్రయాణం చేసి, మడతలలో పడి, నూటనలభై ఏండ్లకు పైగా మాట లేకుండా ఉన్నది. ఓడలమీద కుట్టిన బొంతలు ఎన్నో ఉండి ఉంటాయి. ఖైదీ ఓడ మీద కుట్టినదని నిశ్చయంగా తెలిసి నేడు మిగిలినది ఇదొక్కటే.

పేర్లు బొంత మీద లేవుగాని దఫ్తరాలలో ఉన్నాయి. టాస్మేనియాలో ఖైదీల దస్తావేజులు ఎంత వివరంగా వ్రాసి ఉంచారంటే, ఆస్ట్రేలియా ఖైదీల దఫ్తరాలను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చుకున్నది. రాజా ఓడ మీద వచ్చిన ప్రతి స్త్రీకి అందులో ఒక పుట ఉన్నది: ఎత్తు ఎన్ని అడుగులు, జుట్టు ఏ రంగు, కండ్లు ఏ రంగు, మొగము గుండ్రనిదా కోలదా, చేతిమీద పచ్చబొట్టు ఏదైనా ఉన్నదా, ఏమి దొంగిలించింది, ఎన్నేండ్లు పడింది, ఇంతకుముందు ఏమి పనిచేసేది. వారి మనుమల మనుమలు ఇప్పుడు ఆ పుటలు తిరగవేసి, కాన్‌బెర్రాలో బొంతను తెరచిన రోజులలో వచ్చి చూచి పోతుంటారు. అద్దం ఇవతల నిలుచుండి, పన్నెండు పట్టెల వెంట కండ్లు త్రిప్పి, సన్నని కుట్లు చూస్తారు, తడబడిన కుట్లు చూస్తారు. ఏ కుట్టు తమ అవ్వదో చెప్పగలవారు లేరు. ఆ గోధుమరంగు చుక్కల దగ్గరకు వచ్చినప్పుడు కొంచెం ఎక్కువసేపు నిలబడతారు.